రిజిస్టరులో గడి లేని గంట

మా పీహెచ్‌సీలో 18 రిజిస్టర్లు ఉండేవి. గర్భిణులకొకటి, టీకాలకొకటి, మలేరియా రక్తపూతలకొకటి. బ్లీచింగ్ పౌడరు ఎంత ఖర్చయిందో రాయడానికి కూడా ఒకటి. స్టాఫ్ నర్సుగా 31 ఏళ్లు వాటిని నింపాను. కానీ ఆఖరి పదకొండేళ్లు రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా చేసిన పనికి మాత్రం వాటిలో ఎక్కడా గడి లేదు. ఆ పని ఫోన్లు చేయడం.

మాది పాడేరు వైపు మన్యం. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా, అంతకుముందు విశాఖ ఏజెన్సీ. ఫోన్లు సాయంత్రమే ఎందుకంటే, ఇంటికి ఉండేది ఒక్క ఫోను. అది కొడుకు జేబులో ఉంటుంది. కొడుకు కాఫీ తోటలోనో కూలి పనిలోనో ఉంటాడు. చీకటి పడే వేళకు మనిషితోపాటు ఫోనూ ఇల్లు చేరుతుంది. ఏడు దాటితే ఊరు తిని పడుకుంటుంది. మధ్యలో దొరికే ఆ గంటన్నరలో, నా సొంత ఫోనుతో, నా రీఛార్జితో, ఒక పొడుగు నోటుబుక్కు ముందేసుకుని కూర్చునేదాన్ని. అందులో 64 పేర్లు. బీపీ, షుగరు, గుండె జబ్బు, మూర్ఛ, సికిల్ సెల్. ఒక్కటీ పది రోజుల్లో తగ్గేది కాదు.

ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. ఒక పెద్దాయనకు బీపీ ఎక్కువగా ఉందని తేలింది. నెలకు సరిపడా 30 బిళ్లలిచ్చాం. వేలిముద్ర వేసి కొండెక్కిపోయాడు. మరుసటి నెల రాలేదు. వానలు, పొలం పని, రానుపోను రోజంతా నడక. పైగా ఒంట్లో ఏ బాధా లేదు. బాధ లేనివాడు బిళ్ల కోసం కొండ దిగుతాడా? నాలుగో నెల దిగాడు, డోలీలో. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఆ రాత్రి రిజిస్టరు తీసి చూశాను. మావైపు ఏ లోపమూ లేదు. ‘30 బిళ్లలు ఇవ్వడమైనది’ అని నా చేతిరాతే ఉంది. వేసుకున్నాడో లేదో రాయడానికి అందులో చోటు లేదు.

ఆయన కొడుక్కి అప్పటికే ఫోనుంది. నంబరు మా ఓపీ చీటీ మీదే ఉంది. మూడు నెలల్లో ఒక్కసారి ఎవరైనా ఆ పది అంకెలు నొక్కి ఉంటే సరిపోయేదేమో. ఆ ‘ఎవరైనా’ నేనే అయ్యుండాల్సింది. మర్నాటి నుంచి నొక్కడం మొదలుపెట్టాను.

మనకు ఫోను వైద్యం కొత్త కాదు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది. 104 సలహా కేంద్రం 2007లో వచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడేలా ఈ-సంజీవని ఓపీడీ వచ్చింది. మూడూ మంచివే, ప్రాణాలు నిలబెట్టినవే. కానీ మూడింటిలోనూ మొదటి అడుగు రోగే వేయాలి. పాము కరిచినవాడు ఫోన్ చేస్తాడు. పురిటి నొప్పులొచ్చినామె ఇంట్లోవాళ్లు చేస్తారు. బీపీ చెయ్యదు, షుగరు చెయ్యదు. అవి కళ్లనూ కిడ్నీలనూ చప్పుడు లేకుండా తినేస్తాయి. ఐసీఎంఆర్ వాళ్ల సర్వే 2023లో వచ్చింది. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని, పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా బీపీ ఉందని తేల్చింది. ఇంతమందిలో ఒంట్లో ఏదో పాడైతే తప్ప మనకు ఫోన్ చేసేవాళ్లు ఎందరు? నొప్పి లేని జబ్బున్న మనిషికి గంట మనవైపు నుంచి మోగాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

‘ఫోన్ చేయడం కూడా ఒక పనేనా’ అనేవాళ్ల కోసం ఆ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి.

ఫోనెత్తగానే అందరూ అనేది ఒకే మాట: ‘బాగానే ఉన్నాం సిస్టరమ్మా, మీరేటి, బాగున్నారా?’ అది మర్యాద, ఆరోగ్య సమాచారం కాదు. అందుకే నేను జబ్బు సంగతి ముందు ఎత్తను. పసుపు తవ్వారా, రాజ్‌మా ధర ఎంత పలికింది, ఆవు ఈనిందా అని అడుగుతాను. అతను చెబుతుంటే మాటలు వినను, ఊపిరి వింటాను. పోయిన నెల ఒక్క దమ్ములో చెప్పిన మాటను ఈసారి మూడు ముక్కలు చేసి చెబుతున్నాడంటే గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించాలి. అప్పుడు ‘ఏదీ తాతా, ఊపిరి పీల్చుకోకుండా ఎంతదాకా లెక్కపెడతావో చూద్దాం’ అంటాను. పక్కనున్న మనవలు నవ్వుతారు. ఆయన పన్నెండు దగ్గర ఆగిపోతే నేను నవ్వను.

‘బిళ్లలు వేసుకుంటున్నావా?’ అని అడగడం దండగ. ‘ఆ’ అనే అంటారు. ‘అట్ట తీసుకురా పిన్నీ, ఎన్ని మిగిలాయో ఇద్దరం లెక్కపెడదాం’ అనాలి. ఇచ్చిన తేదీ నా బుక్కులో ఉంది, మిగిలినవి ఆమె చేతిలో ఉన్నాయి. ఏడు ఉండాల్సిన చోట పంతొమ్మిది ఉంటే తిట్టకూడదు. తిడితే వచ్చే నెల అబద్ధపు లెక్క చెబుతుంది. ఎందుకు మిగిలాయో అడగాలి. ఒకామె షుగరు బిళ్ల వేసుకుని ఏమీ తినకుండా పనికెళ్తే కళ్లు తిరిగి పడిపోయిందట, అందుకే మానేసింది. తప్పు ఆమెది కాదు. పొద్దున్నే వేసుకోమన్నాం గానీ, పనికెళ్లే రోజు ఆమె తిండి వేళ ఏమిటో మేం అడగలేదు. డాక్టరుగారితో మాట్లాడి అంబలి తాగే వేళకు మార్చాం. కొంగున బెల్లం ముక్క కట్టుకుని వెళ్లమన్నాను.

‘కాళ్లు వాచాయా’ అంటే లేదంటారు. ‘కడియాలు తిరుగుతున్నాయా, బిగిశాయా’ అంటే వంగి చూసి చెబుతారు. గుండె జబ్బున్న మనిషికి ఒంట్లో నీరు చేరితే ముందు బరువు పెరుగుతుంది. ఇంట్లో బరువు చూసుకునే మిషను ఎక్కడిది? కానీ గిరిజన సహకార సంస్థ డిపోలో బియ్యం తూచే కాటా ఉంది. ఒకామె వారానికి రెండుసార్లు వెళ్లి ఆ కాటా ఎక్కేది. డిపో కుర్రాడు అంకె చదివి నాకు చెప్పేవాడు. ‘నాలుగు రోజుల్లో రెండు కేజీలు పెరిగిందండీ’ అన్న సాయంత్రం వెంటనే డాక్టరుగారికి చెప్పాను. మర్నాడు జీపు దగ్గరికి ఆమె తన కాళ్ల మీద నడిచి వచ్చింది. ఇంకో వారం ఆగితే డోలీ కట్టాల్సి వచ్చేది.

సికిల్ సెల్ పిల్లలది ఇంకో లెక్క. డిసెంబరు వస్తే లంబసింగి మంచు చూడటానికి బస్సుల కొద్దీ జనం వస్తారు. ఆ చలే ఈ పిల్లల ఎముకల్లో నొప్పులు లేపుతుంది. నొప్పి పదిలో ఎంత అని మా పుస్తకాల్లో అడగమంటారు. ‘బడికెళ్లాడా, బిందె మోసిందా, రాత్రి పడుకున్నారా’ అని నేను అడుగుతాను. నీళ్లు బాగా తాగించండి, తెల్లవారుజామున బయట తిప్పకండి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి అని చలికాలమంతా అదే పాట. 2023 జులైలో కేంద్రం 2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఏడు కోట్ల మందికి పరీక్షలని లక్ష్యం పెట్టుకుంది. సంతోషం. పరీక్ష ఒక్కరోజు పని. కార్డు చేతికొచ్చాక ఆ పిల్లాడు రోజూ వేసుకోవాల్సిన మందు వేసుకుంటున్నాడా, రక్తపరీక్షకు తేదీ ప్రకారం వస్తున్నాడా అన్నది ఏళ్ల తరబడి పని. దాన్ని ఎవరి డ్యూటీలో రాశారు?

ఇక సిగ్నలు. ఈ మధ్య టవర్లు చాలా వచ్చాయి. అయినా కొన్ని ఊళ్లలో సిగ్నలుకు గట్టెక్కాలి. అక్కడ అందరూ ఉంటారు, ఫోను స్పీకరులో పెడతారు. ఆడమనిషి తన ఒంటి సంగతి ఏం చెబుతుంది? అందుకని ఆమె ‘ఆ’, ‘లేదు’ అంటే చాలేలా నేనే ప్రశ్నలు పేర్చుకునేదాన్ని. రీఛార్జి అయిపోతే ఇన్‌కమింగూ ఆగిపోతుంది. ‘మీరు కాల్ చేసిన నంబరు’ అని చెప్పే ఆ రికార్డింగు అమ్మాయి గొంతు నాకు మా అమ్మాయి గొంతంత పరిచయం. అలాంటివాళ్ల పేర్లు సంతరోజుకు రాసి పెట్టుకునేదాన్ని. సంతకొచ్చిన పక్కింటి వాళ్ల ఫోనులోనో, ఆశా కార్యకర్త ఫోనులోనో దొరికేవాళ్లు.

ఇదంతా చదివి ఫోనుంటే చాలనుకోవద్దు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఇన్సులిన్ తీసుకునే ఒకావిడ ఉండేది. ఫ్రిజ్ లేదు. తడి ఇసుకలో పెట్టిన కుండలో సీసా దాచుకునేది. అంత జాగ్రత్త మనిషి. అయినా షుగరు దిగడం లేదు. ఫోన్ చేసి ‘ఎన్ని గీతలు లాగుతున్నావు?’ అంటే ‘ఇరవై సిస్టరమ్మా’ అనేది. చీటీలో ఉన్నదీ ఇరవయ్యే. తిండి మీద అనుమానపడ్డాను. అన్నం తగ్గించమని మూడు వారాలు ఫోనులో సాధించాను. చివరికి వైద్య శిబిరం కోసం ఆ ఊరు వెళ్లినప్పుడు సిరంజి చూపించమన్నాను. మూత నారింజ రంగులో ఉంది.

మేమిచ్చే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. అవి అయిపోతే కొడుకు టౌనులో మందుల షాపు నుంచి కొనుక్కొచ్చాడు. అవి 100 యూనిట్ల మందుకు పనికొచ్చే నారింజమూతవి. వాటితో ఇరవై గీతలు లాగితే ఒంట్లోకి వెళ్లేది ఎనిమిది యూనిట్లే. ఆమె నిజమే చెప్పింది. నేనే తప్పు ప్రశ్న అడిగాను. ఆ రోజు నుంచి నా బుక్కులో ఇన్సులిన్ వాళ్ల పేర్ల పక్కన మొదటి ప్రశ్న ‘మూత రంగేంటి?’ అని రాసుకున్నాను. ఎప్పుడో ఒకసారి ఇంటికెళ్లి కళ్లారా చూడని నర్సు చేసే ఫోను గుడ్డి ఫోనే.

మా అమ్మాయి ఎం.ఎస్సీ. నర్సింగ్ చదివేటప్పుడు రెండు పరిశోధనలు చదివి వినిపించింది. ఒకటి అర్జెంటీనాది, 2005లో అచ్చయింది. 51 ఆస్పత్రుల్లో 1,518 మంది గుండె బలహీనమైన రోగులు. వాళ్లలో కొందరికి తర్ఫీదు పొందిన నర్సులు ఎప్పటికప్పుడు ఫోన్ చేసి ఆయాసం, బరువు, మందులు, తిండి గురించి మాట్లాడారు. చావుల్లో తేడా రాలేదు గానీ, గుండె జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరడం 29 శాతం తగ్గింది. రెండోది అమెరికాది, 2010లో వచ్చింది. అక్కడ 1,653 మందిలో కొందరిని రోజూ ఒక మిషనుకు ఫోన్ చేసి, అది అడిగే ప్రశ్నలకు బటన్లు నొక్కమన్నారు. ఏ తేడా కనిపించలేదు. ప్రతి ఏడుగురిలో ఒకరు ఆ మిషనుకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఆరు నెలలు గడిచేసరికి వారానికి మూడుసార్లయినా చేసేవాళ్లు సగానికి కాస్త పైన మిగిలారు. దేశాలు వేరు, రోగులు వేరు. పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేంత చదువు నాది కాదు. కానీ పసుపు ధర అడగని గొంతుకు మా కొండమీది వాళ్లు మాత్రం ఎన్నాళ్లు జవాబు చెబుతారు?

ఇప్పుడు పరిస్థితి నా రోజులకన్నా మెరుగే. 2018 తర్వాత ఉపకేంద్రాల్లోకి బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా, అంటే సీహెచ్‌ఓలుగా వచ్చారు. చేతిలో ట్యాబు, ఈ-సంజీవనిలో డాక్టరు. బీపీ కోసం 2017లో ఐదు రాష్ట్రాల్లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది, తెలంగాణ అందులో ఒకటి. దాని కింద కొన్నిచోట్ల వాడిన యాప్ గడువు దాటినా రానివాళ్ల పేర్లు నర్సు ముందు పెడుతుంది. ఆమె అక్కడి నుంచే ఫోన్ చేయవచ్చు. నేను నోటుబుక్కులో చేసింది అదే. అంటే ఇది చేయలేని పని కాదు, ఖర్చుకు భయపడాల్సిన పనీ కాదు.

లేనిదల్లా లెక్క. ఈ-సంజీవని 2023 ఫిబ్రవరికి పది కోట్ల సంప్రదింపులు దాటిందని గర్వంగా చెప్పుకున్నాం. అవి డాక్టరు తెర మీద కనిపించిన సంప్రదింపులు. ఆ రోగిని తెర ముందు కూర్చోబెట్టడానికి, తర్వాత మందు మానకుండా చూడటానికి నర్సు చేసిన ఫోన్లు ఏ పదికోట్లలోనూ లేవు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టర్ల కోసం రాసినవి. నర్సు అందులో రోగికీ డాక్టరుకూ మధ్య నిలబడే మనిషి. ఆమె ఒంటరిగా ఫోనెత్తిన సాయంత్రం ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో ఆమె చేతిలో కాగితం లేదు. మంచి జరిగితే పలకరింపు, చెడు జరిగితే మెమో.

‘నర్సులు ఫోనులో వైద్యం చేస్తారా?’ అని డాక్టర్లు అడుగుతారు. చేయకూడదు. మందు మార్చే అధికారం నేను అడగడం లేదు. ఏ గుర్తు కనిపిస్తే ఎంతసేపట్లో డాక్టరుకు చెప్పాలో రాసివ్వమంటున్నాను. ‘టైమెక్కడిది?’ అని అధికారులు అడుగుతారు. 64 మందికి పదిహేను రోజులకొకసారి అంటే రోజుకు నాలుగైదు ఫోన్లు. కలవనివి, మళ్లీ చేసినవి కలిపినా గంటన్నర. తనిఖీకొచ్చిన ఒకాయన ఒక సాయంత్రం నన్ను చూసి ‘ఫోన్లో కబుర్లా?’ అన్నారు. అవును, కబుర్లే. ఆ కబుర్లలోనే పన్నెండు దగ్గర ఆగిపోయిన ఊపిరి దొరికింది. ఇక ‘ఫోనుంది కదా, రోడ్డెందుకు?’ అనే రోజు వస్తుందని మా ఊళ్లవాళ్ల భయం. ఆ భయం న్యాయమైనది. ఫోను చేసేది జీపు ఎప్పుడు కావాలో ముందే చెప్పడం. జీపు వచ్చే దారి వెయ్యాల్సిందే.

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి పీహెచ్‌సీకీ, ఉపకేంద్రానికీ ఒక ప్రభుత్వ ఫోను నంబరు ఇవ్వాలి, మనిషి మారినా మారనిది. ఆ గంటన్నర డ్యూటీ వేళల్లో రాయాలి, సాయంత్రం చేస్తే ఉదయం అంత ఆలస్యంగా రానివ్వాలి. ఫోన్ చేసే నర్సు ఆ మనిషిని ఏడాదికి రెండుసార్లయినా ఇంటి దగ్గర చూసేలా బండి ఏర్పాటు చేయాలి. రిజిస్టరులో ఒక గడి గీయాలి: ఎవరికి చేశాం, ఏం విన్నాం, ఏం చేశాం.

మన్యంలో మలేరియా మందు కొట్టినప్పుడు ఇళ్ల గోడల మీద తేదీ రాస్తారు. చాలా ఇళ్లలో ఆ తేదీ పక్కనే బొగ్గుతో నా నంబరు ఉంటుంది. రిటైరై రెండేళ్లయింది, అనకాపల్లిలో ఉంటున్నాను. ఆ గోడలు ఇంకా నాకు ఫోన్ చేస్తుంటాయి. మొన్న చలికాలంలో ఒక తల్లి చేసింది, పిల్లాడికి మళ్లీ నొప్పులని. చెప్పాల్సింది చెప్పి, ఆశా కార్యకర్తను పిలిపించి, మర్నాడు అక్కడున్న కొత్త సీహెచ్‌ఓ అమ్మాయిని అడిగి ఆమె సొంత నంబరు ఇచ్చాను. ‘గోడ మీద రాసుకుంటాను సిస్టరమ్మా, మరి మీది చెరిపేయనా?’ అంది ఆ తల్లి.

రెండూ ఉండనియ్యమన్నాను. ఆ అమ్మాయి కాంట్రాక్టు మార్చి దాకానే.